ఏప్రిల్ 17న చివరి పరీక్ష, 24న నా పెళ్లి, మధ్యలో గుడ్ ఫ్రైడే: ఎలా నెట్టుకురావాలి?

తెనాలి_అమ్మాయి · 2025 మార్చి 6, రాత్రి 11:40

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సెమిస్టరులో ఉన్నాను. ఏప్రిల్ 7, 9, 15, 17 తేదీల్లో నాలుగు పేపర్లు. 24వ తేదీ గురువారం నా పెళ్లి. మాది లూథరన్ కుటుంబం. శ్రమకాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో, మా సంఘంలో పెళ్లిళ్లు పెట్టుకోరు. నిన్న భస్మ బుధవారంతో శ్రమకాలం మొదలైంది, ఈస్టర్ ఏప్రిల్ 20న. పెళ్లికొడుకు దుబాయ్‌లో ఉంటారు. సెలవు ముప్ఫై రోజులే. ఏప్రిల్ 12న దిగి మే 11న తిరిగి వెళ్లాలి. అందుకని ఈస్టర్ అయిన వారంలోనే ముహూర్తం లాంటిది కుదుర్చుకోక తప్పలేదు.

నేను క్వయర్‌లో పాడతాను. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన ఉంటుంది, ఒక్కో మాటకీ ఒక్కో కీర్తన. దానికి ఇప్పటినుంచే సాయంత్రాలు ప్రాక్టీసు. బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాను. ఇంట్లో చూస్తే అమ్మ ఒక్కతే. పెట్టుబడి చీరలు, శుభలేఖలు, జాకెట్లు, వంటవాళ్లు, అన్నిటికీ "నువ్వు చూడవే" అంటుంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ తిరగలేరు.

వీటన్నిటికంటే బాధపెడుతున్నది ఇంకొకటి. నా స్నేహితురాలు. రెండేళ్లుగా మేమిద్దరం ఒకే బెంచీ. తనది పల్నాడులో పల్లెటూరు, హాస్టల్లో ఉంటుంది. స్పెక్ట్రోస్కోపీ నా బుర్రకి ఎక్కేదాకా విసుక్కోకుండా చెప్పింది తనే. అలాంటిది వారం రోజులుగా ముభావంగా ఉంటోంది. ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతానే" అంటుంది. ఏమైందని అడిగితే ఏమీ లేదంటుంది. పెళ్లయ్యాక నేను దేశం దాటి వెళ్లిపోతాను. ఇలా మాటలు తగ్గిపోయి వెళ్లడం నావల్ల కాదు.

చదువు, గుడి, పెళ్లి పనులు, తను. ఏది వదిలినా తప్పు చేసినట్టే ఉంది. ఇలాంటిది దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

---

రేపల్లె_పాసింజర్ · మార్చి 7, ఉదయం 6:15

అమ్మా, నా మాట కఠినంగా అనిపిస్తే ఏమనుకోకు. పెళ్లి జీవితంలో ఒక్కసారి. పరీక్షకు సప్లిమెంటరీ ఉంటుంది. రెండు పేపర్లు ఇప్పుడు రాసి రెండు తర్వాత రాసుకో. మా పెద్దమ్మాయి పెళ్లప్పుడు అది రాత్రింబవళ్లు చదివి, పెళ్లిపీటల మీద కళ్లు తిరిగి పడిపోయినంత పని చేసింది. ఒక తండ్రిగా చెబుతున్నాను, ఆరోగ్యం ముందు.

---

ఓరుగల్లు_విద్యార్థి · మార్చి 7, ఉదయం 8:02

బాబాయ్ గారూ, మీ ప్రేమ అర్థమైంది. కానీ మా అక్క సంగతి చెప్పాలి. 2016లో పెళ్లికి ముందు డిగ్రీలో ఒకే ఒక్క పేపర్ "తర్వాత రాస్తలే" అని వదిలేసింది. ఆ తర్వాత బాబు పుట్టిండు, బావకు బదిలీలు, సిలబస్ మారింది. ఇప్పటికీ ఆ ఒక్క పేపర్ అట్లనే ఉంది. టీచర్ కావాలనుకున్న మనిషి. ఏ నోటిఫికేషన్ వచ్చినా ఆ రోజంతా మౌనంగా ఉంటది. అక్కా, ఒక్క పేపర్ కూడా వదలకండి. దేశం దాటి వెళ్లేవాళ్లు అసలే వదలకండి.

---

కరీంనగర్_వదిన · మార్చి 7, మధ్యాహ్నం 1:30

చెల్లీ, చదువు గురించి ఇంకా చాలామంది చెప్తారు. నేను నీ స్నేహితురాలి గురించి ఒక్కటి అడుగుతా. నీ ఫోన్ తీసి, ఈ నెలలో ఆ అమ్మాయికి చేసిన కాల్స్ చూడు. ఒక్కో కాల్ ఎందుకు చేసినవో గుర్తు తెచ్చుకో. అంతే.

ఎందుకు అడుగుతున్ననంటే, నా పెళ్లి ఒక ఫాల్గుణంలో అయింది. ఆ ఏడు మాఘమంతా మూఢం వచ్చి మంచి ముహూర్తాలన్నీ ఒక్క నెలలోనే పడ్డయి. టెంట్ల వాళ్లు దొరకరు, ఫోటోల వాళ్లు దొరకరు, టైలర్ ఫోన్ ఎత్తదు. ఎంబీఏ పరీక్షలు నెత్తిమీద. నాకు ప్రాణస్నేహితురాలు ఒకామె ఉండె. పొద్దున లేస్తే ఆమెకే ఫోన్. "గాజుల షాపుకు పోదాం", "కార్డులు తీసుకొనిరా", "నీ నోట్స్ జిరాక్స్ తీసి పెట్టు". ఆమె ఒక్కసారి కాదనలే. పెళ్లికి కూడా వచ్చింది, అన్నీ చేసింది. పెళ్లయినంక నాకు తెలిసింది, ఆ నెలలోనే వాళ్ల నాయిన ఉద్యోగం పోయిందట. నాకు చెప్పలే. చెప్పడానికి నేను సందు ఇచ్చిన్నా? మాట్లాడిన ప్రతిసారి పని చెప్పిన. ఆమె ఏమన్నా అడుగుతదేమో అని ఆగలే.

ఇప్పుడు మాట్లాడుకుంటం. పండుగకు శుభాకాంక్షలు పంపుకుంటం. కానీ అప్పటి లెక్క కాదు.

---

పెన్నా_తీరం · మార్చి 7, రాత్రి 9:50

అస్సలామలైకుం, నమస్తే. మాది కడప. మాకు ఈ నెల 2న రంజాన్ మొదలైంది, మీకు 5న శ్రమకాలం. ఈసారి రెండూ కలిసి వచ్చాయి, అందుకే రాయాలనిపించింది.

డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు రోజాలు ఉంటూనే రాశాను. అదే టైంలో మా అన్న నికా పనులు కూడా. రంజాన్‌లో మేమూ నికాలు పెట్టుకోం, ఈద్ అయ్యాక షవ్వాల్ నెలలో పెట్టారు. మీ పరిస్థితి దాదాపు అదే.

మొదటి వారం ఒక తప్పు చేశాను. ఇఫ్తార్ అయ్యాక చదువుదామని కూర్చునేదాన్ని. కడుపు నిండాక కళ్లు వాలిపోయేవి, పుస్తకం మీదే నిద్ర. మా అమ్మమ్మ చూసి "చదువు ఆకలి వేయకముందు చదవాలి, తిన్నాక కాదు" అంది. అప్పటినుంచి తెల్లవారకముందు తినే సహరీకి లేచినదాన్ని మళ్లీ పడుకోలేదు. ఫజర్ నమాజ్ అయిన దగ్గర్నుంచి ఎనిమిదింటి దాకా అసలు చదువు. ఇల్లంతా నిశ్శబ్దం, ఎవరూ ఏ పనీ చెప్పరు. మధ్యాహ్నం జొహర్ తర్వాత గంట నిద్ర. సాయంత్రం అన్న పెళ్లి పనులు. వాటికి పెద్దగా బుర్ర అక్కర్లేదు, లేసు కుట్టడం, డబ్బాలు సర్దడం. పరీక్షలున్న వారం రాత్రి తరావీహ్ నమాజ్ ఇంట్లోనే చదువుకున్నాను.

అక్కా, మీరు ఉపవాసం ఉన్న రోజు తెల్లవారుజామున కష్టమైన సబ్జెక్టు పెట్టుకోండి. ఆ మూడు గంటలు ఎవరికీ ఇవ్వకండి, అమ్మకి కూడా.

---

తెనాలి_అమ్మాయి · మార్చి 8, ఉదయం 5:20

వదినా, రాత్రి నిద్రపట్టలేదు. మీరు చెప్పినట్టే ఫోన్ తీసి చూశాను. పదిహేను రోజుల్లో పదకొండు సార్లు తనకి చేశాను. గుర్తున్నంతవరకు తొమ్మిది పనులే. మంగళగిరి వెళ్లి నిజాం అంచు చీరలు చూసింది తనతోనే. మగ్గం వర్క్ జాకెట్ కొలతలకి వెళితే ఆ టైలర్ దగ్గర రద్దీ. తను మూడు గంటలు బెంచీ మీద కూర్చుంది, ఒళ్లో తన ప్రాజెక్ట్ ఫైలు పెట్టుకుని. అప్పుడు నేను ఆ ఫైలు చూశాను కానీ అందులో ఏముందని అడగలేదు.

ఈరోజు హాస్టల్‌కి వెళ్తున్నాను.

---

మెతుకుసీమ_మాస్టారు · మార్చి 8, ఉదయం 7:10

వందనాలు తల్లీ. నేను ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను, ముప్ఫై ఏళ్లకు పైగా మా గుడిలో క్వయర్ నడిపాను. రెండు మాటలు చెప్పాలి.

మొదటిది, క్వయర్ పూర్తిగా మానేయకు. అన్ని కీర్తనలూ నెత్తిన వేసుకోకు కూడా. ఏడు మాటల్లో ఒక్క మాట ఎంచుకుని, ఆ కీర్తన ఒక్కటే నీదని మీ క్వయర్ మాస్టరుతో చెప్పు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో శ్రమకాలపు పాటలు నీకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చే ఉంటాయి. వారానికి ఒక్కరోజు ప్రాక్టీసు చాలు. మా దగ్గర పరీక్షలున్న పిల్లలకు నేను అలాగే చేసేవాణ్ణి. ఒక్కరు కూడా స్వరం తప్పలేదు.

రెండోది ఉపవాసం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. నలభై అని ఎందుకంటామంటే ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు. ఆ ఆదివారాలు గుడి అయ్యాక మీ అమ్మకు ఇచ్చెయ్యి. పెళ్లి పనులన్నీ ఆ మధ్యాహ్నాలే. మిగతా రోజుల్లో ఎవరు అడిగినా "ఆదివారం చూద్దాం" అను.

ఇంకా, యెషయా 58వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదువు. దేవునికి ఇష్టమైన ఉపవాసం ఏదో అక్కడుంది. తిండి మానడం కంటే, నీ ఆహారం ఎవరితో పంచుకుంటున్నావన్నదే అక్కడ అడిగిన ప్రశ్న. ఈ రోజు హాస్టల్‌కు వెళ్తున్నానన్నావు. వెళ్లు తల్లీ. ప్రాక్టీసు ఎగ్గొట్టి అయినా వెళ్లు.

---

కోనసీమ_గల్ఫ్ · మార్చి 8, రాత్రి 10:35

అందరూ అమ్మాయి ఏం చేయాలో చెబుతున్నారు. పెళ్లికొడుకు ఏం చేయాలో నేను చెబుతాను. నేను పదేళ్లుగా షార్జాలో ఉన్నాను, నా పెళ్లీ ఇలాంటి సెలవులోనే అయింది.

చెల్లెమ్మా, దూరంగా ఉన్నవాడికి ఏ పనీ చెప్పకూడదనుకోకు. శుభలేఖ మీద బైబిలు వాక్యం, పేర్లు, అక్షరదోషాలు, అన్నీ ఫోన్లోనే చూడొచ్చు. ప్రింటింగ్ వాడితో, వంటవాళ్లతో ఆయనే మాట్లాడొచ్చు. మాకు వారాంతంలో ఖాళీ దొరుకుతుంది. "నాకు పరీక్షలున్నాయి, ఈ మూడు పనులు మీవి" అని నేరుగా చెప్పు. నాకైతే మా ఆవిడ అలా చెప్పినప్పుడు, పెళ్లి ఇంట్లో నాకూ ఒక చోటుందని సంతోషం వేసింది.

ఇక కాగితాలు. ఇవి పెళ్లి హడావుడిలో అందరూ మరిచిపోతారు.
మీ గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటనలు చదవాలి కదా, ఆయన సంఘం నుంచి ఉత్తరం ముందే తెప్పించండి. రిజిస్టరులో రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా. నా పెళ్లి సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తేడా వచ్చి, మా ఆవిడ వీసాకి నాలుగు నెలలు తిరిగాను. పెళ్లి సర్టిఫికెట్ మీద మొదట రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం, చివరగా ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర పడాలి. అప్పుడే ఇక్కడ చెల్లుతుంది.

డిగ్రీ సర్టిఫికెట్‌కీ ఇదే దారి. ఇక్కడ మంచి ఉద్యోగం కావాలంటే అది ఉండాల్సిందే. కాబట్టి రేపల్లె బాబాయ్ గారికి దండం పెట్టి చెబుతున్నాను, ఆ నాలుగు పేపర్లూ ఇప్పుడే రాయాలి.

---

రేపల్లె_పాసింజర్ · మార్చి 9, ఉదయం 6:00

సర్టిఫికెట్ సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. రాయమ్మా, అన్నీ రాసెయ్. కానీ రాత్రి పదికి పడుకో.

---

తెనాలి_అమ్మాయి · మార్చి 9, రాత్రి 9:15

నిన్న హాస్టల్‌కి వెళ్లాను. కార్డుల పని చెప్పడానికి వచ్చాననుకుందేమో, గుమ్మంలోనే "ఈ వారం కుదరదే" అంది. పనేమీ లేదు, ఊరికే వచ్చానని చెప్పాను. నమ్మినట్టు లేదు. మంచం మీద కూర్చున్నాం. కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. కిటికీ ఊచలకి తన చున్నీలు ఆరేసి ఉన్నాయి. టేబుల్ మీద ఆ ప్రాజెక్ట్ ఫైలే ఉంది. ఈసారి తెరిచాను.

డ్రాఫ్ట్ ఇవ్వాల్సిన తేదీ ఫిబ్రవరి 28. నేను టైలర్ దగ్గరికి తీసుకెళ్లింది 27న. మర్నాడు తను డ్రాఫ్ట్ ఇవ్వలేకపోయింది. గైడ్ గారు అందరిముందూ మందలించి, 17 దాకా గడువిచ్చారట. తను ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్ల. వాళ్ల నాన్న మిరప కోతల మధ్యలో ఫోన్ చేసి "ఎప్పుడైపోద్దమ్మా నీ చదువు" అని అడిగితే, ఆ రోజు ఏం చెప్పాలో తెలియలేదంది. ఇదంతా నాకెందుకు చెప్పలేదే అన్నాను. "నీ పెళ్లి కదే, సంతోషంగా ఉన్నావు" అంది.

నేను ఏడ్చాను. తనూ ఏడ్చింది. క్షమించమని అడిగాను. సంజాయిషీలేమీ చెప్పలేదు.

ఇలా అనుకున్నాం. 17 దాకా తన డ్రాఫ్టే ముందు. నాకు టైపింగ్ వేగంగా వచ్చు, పట్టికలు, స్ట్రక్చర్ బొమ్మలు నేను చేస్తున్నాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి చదువు. పెళ్లి పని ఒక్కటి కూడా తనకి చెప్పను. అమ్మతో కూడా మాట్లాడాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ పిల్ల మెస్సులో ఏం తింటుందో, రేపటినుంచి క్యారేజీ ఇద్దరికీ కడతాను" అంది.

మాస్టారూ, యెషయా చదివాను.

---

కరీంనగర్_వదిన · మార్చి 9, రాత్రి 9:40

చెల్లీ, నువ్వు రాసింది చదివి నేను కూడా ఫోన్ చేసిన, మా ఆమెకు. ఏ పండుగా లేదు, ఏ పనీ లేదు. "ఏమైంది, అంత మంచిదేనా?" అన్నది ముందు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నం. వాళ్ల నాయిన గురించి అడిగిన. ఇన్నేళ్లకు.

---

ఓరుగల్లు_విద్యార్థి · మార్చి 24, సాయంత్రం 4:30

అక్కా, డ్రాఫ్ట్ సంగతి ఏమైంది? అందరం ఎదురుచూస్తున్నం.

---

తెనాలి_అమ్మాయి · మార్చి 24, రాత్రి 10:05

మాట ఇచ్చినట్టు 17నే ఇచ్చేశాం. గైడ్ గారు రెండు దిద్దుబాట్లు చెప్పారు, అంతే.

ఇప్పుడు మా రోజు ఇలా నడుస్తోంది. పెన్నా తీరం చెల్లి చెప్పినట్టు నాలుగున్నరకి లేస్తున్నాను. ప్రార్థన చేసుకుని ఏడున్నర దాకా చదువు. మొదటి నాలుగు రోజులు నరకం, ఇప్పుడు అలవాటైంది. పెళ్లి చీరలు పెట్టిన బీరువా తలుపుకి తను రాసిచ్చిన స్పెక్ట్రోస్కోపీ గుర్తుల కాగితం అంటించాను. కీటోన్ 1715, ఎస్టర్ 1735 పైన, ట్రిప్లెట్ పక్కన క్వార్టెట్ కనబడితే ఇథైల్ గ్రూపు అనుమానించు. చీరలు చూడటానికి వచ్చిన మేనత్తలందరూ ఆ కాగితం చదివి, ఇదేం లెక్కే అని అడుగుతున్నారు. వాళ్లకి చెబుతుంటే నాకే గట్టిపడుతోంది.

శుభలేఖలు ఆయనే చూసుకున్నారు. మొదటి ప్రకటన నిన్న గుడిలో అయ్యగారు చదివారు. మా ఇద్దరి పేర్లూ వినగానే ఒళ్లు జలదరించింది. ఇంకా 30, ఏప్రిల్ 6 ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మవే. నిన్న పిన్నమ్మలిద్దరూ వచ్చి అరవై చీరలకి పేర్లు రాసిన చీటీలు పెట్టేశారు. నేను గంటలు గంటలు తిరిగి చేద్దామనుకున్న పని, వాళ్లు పాత సంగతులు చెప్పుకుంటూ ఒక్క పూటలో కానిచ్చారు. వాళ్లని ముందే ఎందుకు పిలవలేదా అనిపించింది.

క్వయర్‌లో ఒక్క కీర్తనే తీసుకున్నాను, ఐదో మాటది, "దప్పిగొనుచున్నాను". ఉపవాసం శుక్రవారం ఒక్కటే ఉంచుకున్నాను.

---

పెన్నా_తీరం · మార్చి 31, ఉదయం 11:20

ఈద్ ముబారక్ అందరికీ! నిన్న ఉగాది, ఈరోజు ఈద్. పక్కింటివాళ్లు నిన్న ఉగాది పచ్చడి పంపారు. రోజా కదా, సాయంత్రం మగ్రిబ్ దాకా మూత పెట్టి ఉంచి, ఖర్జూరం తర్వాత అదే తిన్నాం. ఈరోజు వాళ్లింటికి షీర్ ఖుర్మా వెళ్లింది. అక్కా, 7న మొదటి పేపర్ కదా. దువాలో మీ ఇద్దరినీ తలుచుకున్నాను.

---

మెతుకుసీమ_మాస్టారు · ఏప్రిల్ 6, రాత్రి 8:00

రేపు పరీక్ష. పరీక్ష రోజుల్లో ఉపవాసం వద్దు తల్లీ, పెరుగన్నం తిని వెళ్లు. ఆ ఐదో కీర్తన ఈ పది రోజులూ పాడకపోయినా గొంతు మరిచిపోదు.

---

తెనాలి_అమ్మాయి · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 3:10

అయిపోయాయి. నాలుగూ రాశాను. 9వ తేదీ పేపర్ బాగా రాయలేదు, మార్కులు తగ్గుతాయి. పాసవుతానన్న నమ్మకం ఉంది. 17న స్పెక్ట్రోస్కోపీ. మూడో ప్రశ్నలో ఇచ్చిన స్పెక్ట్రం చూడగానే బీరువా తలుపు కళ్లముందు కనబడింది. పరీక్ష నుంచి నేరుగా ఇంటికొచ్చి, స్నానం చేసి, సాయంత్రం ప్రభురాత్రి భోజన ఆరాధనకి వెళ్లాను. కూర్చున్నచోటే కాసేపు నిద్రపోయానని అమ్మ చెప్పింది.

నిన్న ఐదో మాట పాడాను. మాస్టారు చెప్పినట్టు గొంతు మరిచిపోలేదు. తను కూడా వచ్చింది. తనకి మా ఆరాధన కొత్త. మూడు గంటలూ చివరి వరసలో కూర్చుని, అయ్యాక "దాహమేసినా ఎవరినీ అడగని వాళ్లుంటారు కదే" అంది. నేనేమీ అనలేదు. చేయి పట్టుకున్నాను.

రేపు తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్లాలి. నానమ్మ సమాధికి సున్నం వేయించాం. బంతిపూలు, కొవ్వొత్తులు కొనాలి. పెళ్లి మాట ఆవిడకి అక్కడే చెప్పాలి.

---

తెనాలి_అమ్మాయి · ఏప్రిల్ 27, రాత్రి 9:30

పెళ్లి బాగా జరిగింది. మీ అందరి ప్రార్థనలకీ, ఆశీర్వాదాలకీ వందనాలు.

23 రాత్రి నలుగు పెట్టేటప్పుడు ఇల్లంతా మనుషులే. తను వచ్చి చీర కొంగు దోపుకుని "ఏం చేయాలి చెప్పవే" అంది. ఏమీ వద్దు, నా పక్కన కూర్చో అన్నాను. పిన్నమ్మలు పిండి రాస్తుంటే తను నా పక్కనే కూర్చుని, ఊళ్లో వాళ్ల నాన్న ఈ ఏడు మిరపకి వచ్చిన ధర చాలక ఎంత దిగులుపడ్డాడో, ప్రాజెక్ట్ వైవా ఎలా జరిగిందో, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకి ఏం చదువుతోందో, అన్నీ చెప్పింది. ఒంటిగంట దాకా విన్నాను. మధ్యలో మా అత్త "పెళ్లికూతురు పడుకోవాలి" అని రెండుసార్లు లైటు తీయబోయింది. వద్దన్నాను.

---

కోనసీమ_గల్ఫ్ · ఏప్రిల్ 27, రాత్రి 11:50

శుభాకాంక్షలు చెల్లెమ్మా, బావగారికి కూడా. రిజిస్టరులో పేర్లు పాస్‌పోర్టు ప్రకారమే రాయించారా? ఆయన 11న బయల్దేరేలోపు సర్టిఫికెట్ అసలు కాపీ చేతికి తీసుకోండి.

---

తెనాలి_అమ్మాయి · ఏప్రిల్ 28, ఉదయం 7:00

రాయించామన్నా. సంతకాలు పెట్టే ముందు పాస్‌పోర్టులు రెండూ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది తనే. సాక్షి సంతకం కూడా తనదే.